మూడు నీళ్ళు కడిగిన ఓట్స్

ఓట్స్ అనే పదార్థాన్ని మొట్టమొదటిసారి వండినప్పుడు నేను మూడు నీళ్ళు కడిగాను. ఇప్పుడు చెబితే మా ఇంట్లో చిన్నా పెద్దా పకపకా నవ్వుతారు. నవ్వనీ. ఆ డబ్బా మీద ఎన్ని నీళ్ళు పోయాలో, ఎంతసేపు ఉడికించాలో, అది తిన్న పిల్లలకు ఎంత బలం వస్తుందో అంతా రాసి ఉంది. కడగవద్దని మాత్రం ఎక్కడా రాసి లేదు. గింజ ఏదైనా సరే, పొయ్యి మీదికి పోయే ముందు మూడు నీళ్ళు కడగాలని పుట్టినప్పటినుంచీ చూస్తూ పెరిగినవాడి చేతికి ఆ డబ్బా ఇస్తే వాడేం చేస్తాడు? కడుగుతాడు. ఆ మాత్రం ఆలోచన ఆ డబ్బా మీద అక్షరాలు అచ్చువేసిన మహానుభావులకు ఉండొద్దా? ఇన్నేళ్ళయింది, నాకింకా ఆ కోపం తగ్గలేదు.

అప్పట్లో నేను చిత్తూరులో ఒక పిండిమిషను ఆడించేవాణ్ణి. డెబ్బైల చివరి సంవత్సరాలవి. రాగులు, బియ్యం, గోధుమలు, మిరపకాయలు, ఎవరేం తెచ్చినా ఆడించి పంపేవాణ్ణి. పిండిని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసి ఇది సంగటికి, ఇది రొట్టెకు, ఇది పసిబిడ్డ జావకు అని చెప్పేవాణ్ణి. మిషను వెనకాల ఒక గది, గది ముందు చిన్న వసారా. నేనూ నా భార్యా అక్కడే కాపురం. బడికి నేను పోయింది మూడో తరగతి దాకానే. తర్వాతి చదువు నాకు నేనే చెప్పుకున్నాను. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి తెలుగు చదివాను. మోటారుకు కొట్టిన ఇత్తడి రేకు మీదా, గోనెసంచుల మీదా ఉన్న అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. ఆ చదువంటే నాకు గర్వం ఎక్కువ. ఆ గర్వం చేసిన చెరుపు కూడా ఇక్కడే చెప్పబోతున్నాను, దాచేది లేదు.

మా అక్క నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అమ్మ పోయినాక నన్ను సాకింది ఆమే. భర్త చిన్నవయసులోనే పోతే పూతలపట్టు కూడలిలో పండ్లబుట్ట పెట్టుకుంది. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే బస్సులు అక్కడ కాసేపు ఆగేవి. బస్సు ఆగీ ఆగకముందే నలుగురైదుగురు ఆడవాళ్ళు బుట్టలు నెత్తికెత్తుకుని కిటికీల కింద పరుగెత్తేవాళ్ళు. కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చిందంటే అక్క ముందుగా ఒక బద్ద కోసి ఆ చేతిలో పెట్టేది. "రుచి సూడు నాయనా, బాగుంటేనే తీసుకో" అనేది. అరవవాళ్ళ బస్సయితే అరవంలో అరిచేది. మామిడి, జామ, సీతాఫలం, సపోటా, కాలాన్ని బట్టి ఏది దొరికితే అది.

ఆ ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. అమ్మే పండు తమ నోట్లో పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ఆ దినం బుట్ట బుట్టగానే ఇంటికి తిరిగి వస్తుందని భయం. బుట్టలో పండే కాదు, అక్క అసలు పండనేదే ముట్టేది కాదు. ఇతరుల ఇంట్లో ఇచ్చినా కొంగున ముడేసుకుని తెచ్చి నాకు పెట్టేది. నేను అప్పటికే పెళ్ళయి సంసారం చేసుకుంటున్నవాణ్ణి. అయినా ఆమె కొంగులో ముడి నాకోసమే ఉండేది.

ఆ ఏడు మామిడి కాయలు దిగే ముందర ఆమెకు టైఫాయిడ్ వచ్చింది. నేను పోయి బస్సులో తీసుకొచ్చి వసారాలో పడుకోబెట్టాను. జ్వరం మూడు వారాలు పీడించి వదిలిపెట్టింది. ఇక లేచి తిరుగుతుందని అనుకున్నాం. లేవలేదు. జ్వరం పోయిందిగానీ తిండికి నోరు తెరుచుకోలేదు. నా భార్య గంజి కాచి ఇస్తే రెండు గుక్కలు తాగి కక్కేసేది. నేను పిండిని రెండుసార్లు ఆడించి, గుడ్డలో జల్లించి, పసిబిడ్డకు పోసేటంత మెత్తగా రాగిజావ కాయించాను. ఆ వాసనకే మొగం గోడవైపు తిప్పుకునేది.

"వద్దురా అబ్బోడా. నాకు పెట్టి ఎందుకు పారబోస్తారు" అనేది. ఆమెకు తిండి అయిష్టం కంటే పారబోత బాధ ఎక్కువ.

డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెద్దాయన. నాడి చూశాడు, కనురెప్ప కిందికి లాగి చూశాడు, ఆమెను బయట బల్ల మీద పడుకోబెట్టించి నన్ను లోపలికి పిలిచాడు.

"జ్వరం పోయి పది దినాలైంది. ఇప్పుడు ఈమెకు జబ్బు జ్వరం గాదు, తినకపోవడం. వారం సూస్తా. ఈ వారంలో కడుపుకు తిండి పట్టిందా సరే. పట్టకపోతే వేలూరు పెద్దాసుపత్రికి రాసిస్తా. ఆడికి పోయేదానికన్నా ఒంట్లో సత్తువ ఉండాల గదా, అది నా భయం."

ఆయన చీటీ మీద ఏదో రాసి ఇచ్చాడు. మందనుకున్నాను. చదివితే ఓట్స్ అని ఉంది. గోనెసంచి చదువైనా చదువే, ఆ మాట నాకు తెలుసు. మా మిషను దగ్గర ఒక రిటైరైన పెద్దమనిషి చెప్పగా విన్నాను, దొరలు తాము తిని గుర్రాలకు కూడా పెట్టే గింజ అది అని. నాకు ఒళ్ళు మండింది.

"ఏమి సార్, మా రాగులు ఏం పాపం జేసినాయి? ఊరూరంతా నా మిషన్లో ఆడించుకుని తిని బతుకుతా ఉండారే. గుర్రాలు తినే గింజ మా అక్కకెందుకు?"

ఆయన కోపగించుకోలేదు. "రాగిజావ ఎన్ని దినాలు పోసినావు?"

"పది దినాలు."

"కడుపులో నిలిచిందా?"

తల అడ్డంగా ఊపాను.

"జబ్బులో ఏది తాగి కక్కిందో దాని వాసనొస్తేనే కడుపు తిప్పుతాది. రాగుల తప్పు గాదబ్బా, ఆమె తప్పూ గాదు. ఆమె నాలుకకు పాత పగ లేని తిండి ఒకటి గావాల. ఓట్సు, పాలు, బాగా మాగిన పండు. మీగడ మాదిరి ఉండాల. నమిలే పని లేకుండా గొంతులో జారాల. పొద్దున్నే పెట్టు. పండు మాత్రం మరిచిపోవద్దు, రుచి పుట్టించేది అదే."

అంత మంచిగా చెప్పినాక ఇంకేం కొట్లాడతాను. చీటీ పట్టుకుని బజారంతా తిరిగాను. పచారీ కొట్లలో ఆ పేరే వినలేదన్నారు. ఆఖరికి ఒక మందులషాపులో, పై అర మీద, పసిపిల్లల పాలపొడి డబ్బాల వెనకాల ఒకే ఒక్క డబ్బా ఉంది. షాపాయన స్టూలెక్కి దించి, దుమ్ము తుడిచి, నన్నూ నా తలమీది పిండినీ చూశాడు.

"ఎవరికప్పా? కలెక్టరు బంగళాకా?"

"మా అక్కకు."

"మీ అక్క యాడ పనిజేస్తాది?"

"పూతలపట్టులో పండ్లమ్ముతాది."

ఆయన నవ్వు పెదవి దాకా వచ్చి ఆగింది. నా చూపు చూసి ఆగిందని నేననుకుంటాను. పండ్లమ్ముకునే మనిషికి కడుపుండదా? ఆ కడుపులో డాక్టరు రాసిన తిండి పడకూడదా? "ఊర్లో ఇదొకటే ఉండాది. అయిపోతే మద్రాసు నుంచి రావాల్సిందే. అంతదాకా జాగర్త" అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటా మంచిగానే అన్నాడు.

ఇంటికి తెచ్చి మూత తీశాను. నా భార్య పిడికెడు తీసి అరచేతిలో పరిచి చూసింది.

"ఇదేందయ్యా, తొక్కిన అటుకుల మాదిరి ఉండాయి? ఇట్లియ్యి, నేను జేస్తా."

"నీకేం తెలుసు? డబ్బా మీద రాసుండాది. చదివి చెయ్యాల" అన్నాను.

"సరే, నువ్వే చెయ్యి దొరా" అని పక్కకు జరిగింది.

మరుసటి ఉదయం నేనే వండాను. గిన్నెలో వేసి నీళ్ళు పోసి పిసికితే నీళ్ళు పాలలాగా తెల్లబడ్డాయి. ఎంత మురికి, ఎంత తవుడు అనుకున్నాను. వంచేశాను. రెండో నీళ్ళు, మూడో నీళ్ళు. నీళ్ళు తేటబడేదాకా కడిగాను. అన్నం వండినట్టే ఎసరు ఎక్కువ పెట్టి ఉడికించాను. ఉడికినాక గిన్నెకు మూత పెట్టి, గుడ్డ పట్టి, గంజి వార్చాను. చుక్క మిగలకుండా వార్చాను. అన్నం అట్లాగే వండుతాం గదా, వేరే పద్ధతి ఒకటి ఉంటుందని నాకు తోచనే లేదు. కడిగిన నీళ్ళూ, వార్చిన గంజీ రెండూ వసారా పక్కనున్న కుడితి బొక్కెనలో పోశాను. పక్కింట్లో ఒక అవ్వకు పాలిచ్చే ఎనుము, అంటే బర్రె, ఉండేది. మా వరసలో నాలుగిళ్ళవాళ్ళం కుడితి ఆ బొక్కెనలో పోస్తే పొద్దెక్కినాక వచ్చి తీసుకుపోయేది. అందుకు బదులు మాకు ఎప్పుడైనా చిక్కటి మజ్జిగ వచ్చేది.

గిన్నెలో మిగిలిన దాని మీద వేడి పాలు పోసి అక్క దగ్గర కూర్చున్నాను. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. దవడ కదిలించింది. కాసేపటికి ఎడమచేతిలోకి ఉమ్మింది.

"ఏందిరా ఇది? పొయ్యిలో పొట్టు దీసి నా నోట్లో పెడతాండావా?"

మాది రంపపుపొట్టు పొయ్యి. నా భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేనూ ఒక చెంచా తిని చూశాను. అక్క మాట నిజమే. రుచి లేదు, జిగి లేదు, పంటికింద పీచు, పక్కన విడిగా పాలు.

డబ్బా అబద్ధం చెప్పదు గదా, నాదే ఏదో లోపం అనుకున్నాను. ఏం లోపం? కడగడం చాలలేదేమో. రెండోరోజు నాలుగు నీళ్ళు కడిగాను. మూడోరోజు అయిదు. ప్రతిరోజూ ముందురోజు కంటే శ్రద్ధగా చెడగొట్టాను. మనిషి తెలివితక్కువతనంతో చేసిన చెరుపుకు ఎవరైనా అడ్డం పడతారు. శ్రద్ధగా చేసే చెరుపుకు ఎవరు అడ్డం పడతారు? నా భార్య ఒకసారి నోరు తెరిచింది. "అంతంత కడిగితే దాంట్లో ఏముంటాదయ్యా?" అంది. ఆమె మీద అరిచాను. ఆ అరుపు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోరోజు సాయంత్రం అక్కను లేపి గోడకు ఆనించి కూర్చోబెట్టాను. నేను రోజంతా బస్తాలు ఎత్తేవాణ్ణి. ఏ సంచిలో ఎంతుందో కాటా లేకుండా నా చేతులు చెప్పేవి. ఆ సాయంత్రం ఆమెను ఎత్తితే నా చేతులకు ఏమీ తెలియలేదు. చీర బరువు తప్ప ఇంకేమీ తగల్లేదు. మిషను దగ్గరికి పోయి, బెల్టు విప్పి, మళ్ళీ తగిలించి, ఊరికే ఏదో పని కల్పించుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

నాలుగో ఉదయం నేను గిన్నె తీస్తుండగానే పక్కింటి అవ్వ వచ్చింది. చేతిలో ఖాళీ బొక్కెన.

"ఏమబ్బా, ఏం పోస్తాండారు మీరు కుడితిలో?"

ఏదో పడకూడనిది పడిందేమోనని భయపడ్డాను. "ఏమైందవ్వా? ఎనుముకు బాగలేదా?"

"బాగలేకేమి! మూడు దినాల నుంచి కుడితి పెడితే తొట్టి అడుగు నాకి నాకి తళతళలాడిస్తా ఉండాది. మీగడ మాదిరి, జిగురు జిగురుగా ఉండాది, వేలు పెడితే తీగ సాగుతాది. ఇంత చిక్కటి గంజి నేను పుట్టినాక సూళ్ళేదు. ఏం బియ్యమో చెప్తే నేనూ తెచ్చుకుంటా గదా."

నేను గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. నా భార్య నా వైపు చూసింది, బొక్కెన వైపు చూసింది. ముందురోజు వార్చిన గంజి చివరి చుక్కలు బొక్కెన అంచున ఎండి పొరకట్టి ఉన్నాయి. గోటితో గీరితే పాలపొరలాగా లేచి వచ్చింది. డాక్టరు చెప్పిన మీగడ అదే. మా అక్క ఒంటికి పోవలసిన సత్తువను మూడురోజులు కడిగి, వార్చి, నా చేతులతో నేనే ఎనుముకు పోశాను.

"అవ్వా, మా అక్క తాగాల్సింది నీ ఎనుము దాగిందే" అన్నాను.

అవ్వకు విషయం చెబితే గడపలో కూలబడింది. "అయ్యో నా రాతా! తెలిసుంటే బొక్కెన ముట్టకపోదును గదరా" అని, లేచి పోయి, పొద్దున పితికిన పాలు చెంబుతో తెచ్చి పొయ్యి పక్కన పెట్టింది. "నీళ్ళు కలపలేదు. తీసుకో" అంది. ఆ మనిషిది ఏం తప్పని? అయినా తనదే తప్పయినట్టు ఆ వారమంతా ఆ పాలు తెచ్చింది.

నా భార్య నా చేతిలో డబ్బా తీసుకుంది. "నువ్వు చదివింది చాలు. ఇప్పుడు చూసి చెయ్యి" అంది. ఇద్దరం కలిసి చేశాం. పిడికెడు ఓట్స్ కడగకుండా రెండు గ్లాసుల నీళ్ళలో వేశాం. పొట్టు పొయ్యికి ఒక గుణం ఉంది, ఒకసారి అంటుకుంటే మంట ఎగరదు, తగ్గదు, ఒకే తీరున కాలుతుంది. ఆ సన్నటి సెగ మీద ఆమె గరిటె తిప్పుతూనే ఉంది. అడుగు అంటకుండా అంచులు గీకుతూ తిప్పింది. గింజ విచ్చుకుని నీళ్ళు చిక్కబడ్డాక పాలు కొంచెం కొంచెంగా పోసింది. ఒకేసారి పోస్తే మళ్ళీ పలచబడి విడిపోతుందని ఆమె చేతికి తోచింది. గరిటె పైకెత్తితే చుక్కలుగా రాలకుండా పట్టునూలు లాగా సాగి పడినప్పుడు దించి మూత పెట్టింది. కాసేపు ఆగి మూత తీస్తే పైన సన్నటి పొర, కింద వెన్నలాంటి ముద్ద. డబ్బా మీద ఇంత వివరంగా ఏదీ రాసి లేదని మళ్ళీ చెబుతున్నాను.

అక్క రెండు చెంచాలు తినింది. మూడోది వద్దంది. తిన్నది కడుపులోనే ఉంది, కక్కలేదు. మేమిద్దరం ఆమె గొంతు వైపే చూస్తూ కూర్చున్నాం.

"ఎట్లుండాది వదినా?" అని నా భార్య అడిగింది.

"జారతా ఉండాది గానీ సప్పగా ఉండాది పిల్లా. నోటికి ఇంపు లేదు."

అయిదోరోజు తీపి కోసం పొయ్యి మీద ఉండగానే బెల్లం వేశాం. పాలు విరిగి నీళ్ళు వేరు, గడ్డలు వేరు అయ్యాయి. ఆ పూట కూడా పోయింది. డాక్టరు ఇచ్చిన వారంలో రెండు రోజులు మిగిలాయి. డబ్బాలో సగం కంటే తక్కువ మిగిలింది.

మరి పండు వేయకుండా ఎందుకు అయిదురోజులు కాలయాపన చేశామంటే, అక్క ముట్టదని తెలుసు గనుక. మొదటిరోజే అడిగాను. "పండా? నేనా? బుద్ధుండే మాట్లాడతాండావా?" అంది. అంతే. ఇక ఆ మాట ఎత్తలేదు. కానీ ఆరోరోజు తెల్లవారగానే బజారుకు పోయి, కొట్లో బాగా పసుపుగా నిగనిగలాడుతున్న మామిడిపండ్లు నాలుగు తెచ్చి, మాటామంతీ లేకుండా అక్క పక్కనే పెట్టాను.

కళ్ళు మూసుకునే ఉంది. ముక్కు మాత్రం కదిలింది.

"యాడ కొన్న్యావు?"

చెప్పాను.

"నిన్ను బాగా మోసం జేసినారు" అంది. కళ్ళు తెరిచింది. మోచేయి ఊతం చేసుకుని, ఎవరూ పట్టుకోకుండా, తనంతట తాను లేచి కూర్చుంది. అన్ని రోజుల్లో అదే మొదటిసారి. "ఇది గడ్డిలో మాగిన కాయ గాదు. రాయి మందు బెట్టి మాగేసినారు. తొడిమ కాడ వాసన సూడు. పైన పసుపు, లోపల ఎముక మాదిరి ఉంటాది. పండ్లమ్మే దాని తమ్ముడివి, నీకిదన్నా తెలవద్దా? ఎంత సిగ్గురా నాకు!"

ఆ తిట్లు నాకు ఎంత తియ్యగా ఉన్నాయో చెప్పలేను. ఇంకా రెండు తిడితే బాగుండుననిపించింది.

"మరి ఏం దేవాలక్కా?"

"పాలల్లోకి కదా? బేనీషా గూడా వద్దు. కాలేపాడు దీసుకో. చిన్నకాయ, పీచుండదు, పులుపుండదు. కొట్లో కొనబాక. మార్కెట్టు బయట ఐరాల తోటల బండ్లు దిగతాయి, బండి మీదనే ఏరుకో. తొడిమ కాడ కొంచెం ముడత పడింది జూసి తీసుకో."

పరుగెత్తాను. ఆమె చెప్పినట్టే ఏరి ఆరు కాయలు తెచ్చాను. అప్పటికి నా భార్య ఓట్స్ చేసి దించి మూత పెట్టింది. ఆమె కాయ కోసి అక్కకు ఒక బద్ద ఇవ్వబోతే అక్క నా వైపు చూపించింది.

"వాడికియ్యి."

తిన్నాను. ఆమె నా నోటివైపు కాదు, నా కనుబొమ్మల వైపు చూస్తూ ఉంది.

"ఇది గాదు. టెంక కాడ పులుపుండాది. ఇంకోటి కొయ్యి."

నిజంగానే టెంక దగ్గర పులుపు ఉంది. ఇంకొకటి కోస్తే తిన్నాను. "ఊఁ, ఇది" అంది. నేనింకా మింగనే లేదు.

"ఎట్ల తెలిసిందక్కా?"

"ఇరవై ఏండ్ల నుంచి కిటికీల్లో మొగాలు సూస్తా ఉండానే. పులుపైతే కుడికన్ను ముందు ముడుస్తారు. తీపైతే ఇంకోసారి నమిలేదానికి తొందర పడతారు. నాకు వాళ్ళ మొగమే నాలిక."

ఇరవై ఏళ్ళుగా ఊళ్ళన్నిటికీ తీపి పంచిన మనిషి, ఆ తీపిని ఇతరుల మొగాల మీద మాత్రమే చూసింది. ఇది నాకు తెలియదా? తెలుసు. ఆమె కొంగులో ముడి నేనే విప్పుకుని తిన్నవాణ్ణి. ఏ ఒక్కరోజూ, నువ్వు తిన్నావా అక్కా అని అడగలేదు. పూతలపట్టు కట్టుబాటు మీద, మందులషాపాయన మీద, డబ్బా మీద ఇంతసేపూ కోపం చూపించాను గదా. అన్నిటికంటే ముందు కోపం రావలసింది నా మీదే.

"అక్కా, ఇది నీ బుట్టలో పండు గాదు గదా. నేను కొనుక్కొచ్చినాను" అన్నాను.

"ఏ పండైనా పండే. తిన్నానా, రేపు నా బుట్ట కదలదు. ఒకసారి తిన్నా, మొదట్లోనే. ఆ దినం ఒక్క కాయ గూడా పోలేదు. అప్పుడే ఒట్టేసుకున్నా."

ఆ ఒట్టుకు ఉపాయం నా భార్యకు దొరికింది. ఆమె లేచి, మిషను దగ్గరున్న పాత జల్లెడ తెచ్చి, పండ్లు అందులో పేర్చి నెత్తికెత్తుకుంది. వసారాకు వీధివైపు నడుమెత్తు గోడ ఉంది. ఆ గోడ అవతలికి పోయి, కింద వీధిలో నిలబడి, ఒక బద్ద చేతిలో పట్టుకుని పైకెత్తి, గొంతెత్తి అరిచింది.

"మామిడిపండ్లో! కాలేపాడో! రుచి సూడక్కా, బాగుంటేనే తీసుకో!"

అక్క నోరు తెరుచుకుని చూసింది. "మేయ్ పిల్లా, నీకేమన్నా పిచ్చిపట్టిందా? నలుగురూ సూస్తారు!"

"నువ్వు తిరపతి బస్సులో కూచోనుండావు వదినా. నేను కింద ఉండా. అమ్మేది నేను, కొనేది నువ్వు. కట్టుబాటు అమ్మేదానికే గదా? కొనేవాళ్ళకు లేదు గదా? బస్సు కదలతా ఉండాది, తొందరగా సూడు!"

పక్కింటి అవ్వ తన గడపలోంచి అందుకుంది. "రైట్ రైట్! పోనీ పోనీ!"

అక్క నవ్వింది. ఎండిన పెదవి చిట్లింది ఆ నవ్వుకు. "అట్లనా అరిచేది? గొంతు కడుపులోనుంచి రావాల. ఆ కూతకు కాకి గూడా తిరిగి సూడదు" అంటూనే చెయ్యి చాపింది. ఇన్నేళ్ళూ కిటికీలోంచి బయటికి వచ్చే చేతులను చూసిన మనిషి, తన చేతిని గోడ మీదినుంచి బయటికి చాపింది. నా భార్య ఆ చేతిలో బద్ద పెట్టింది.

తినింది. నేను ఆమె కుడికన్ను వైపే చూస్తున్నాను. ముడవలేదు. ఇంకోసారి నమలడానికి తొందరపడింది.

నేను మిగిలిన కాయల్లో రెండు చేత్తో పిసికి రసం గిన్నెలోకి దించి కలిపాను. తెల్లటిది కాస్తా పసుపుపచ్చగా మారింది. పైన నాలుగు ముక్కలు వేసి ఇచ్చాను. మొదటి చెంచా నిదానంగా, రెండోది కొంచెం తొందరగా, తర్వాత మేము ఎవరమూ అక్కడ లేనట్టుగా తినింది. గిన్నె వంచి అడుగు వేలితో తుడుచుకుని నాకింది. "ఇంత మంచి సరుకు పెట్టుకుని ఆ బస్సుల్లో వాళ్ళకు నేను పులుపు కాయలు గూడా అంటగట్టినా గదరా ఒక్కోసారి" అని తనలో తాను అనుకున్నట్టు అంది. కక్కలేదు. మధ్యాహ్నం దాకా కంటికి రెప్ప వేయకుండా కాపలా కాశాం.

మరుసటిరోజు ఏడో రోజు. డాక్టరు దగ్గరికి పోవలసిన రోజు. నేను తెల్లవారుతుండగానే లేచి పొయ్యిలో పొట్టు కూరడానికి కూర్చున్నాను. నడుమ కట్టె నిలబెట్టి, చుట్టూ పొట్టు గట్టిగా దట్టించి, కట్టె లాగేస్తే గాలి పోయే దారి మిగలాలి. ఆ దారి సరిగ్గా రాకపోతే పొగే తప్ప మంట ఉండదు. రెండుసార్లు దారి కూలిపోయింది.

వెనకాల చాప కదిలిన చప్పుడైంది.

"ఏమిరా, ఇంకా పొయ్యి ముట్టించలేదా?" అంది అక్క. "నాకు ఆకలైతాంది."

నెల రోజులకు పైగా ఆమె నోట ఆ మాట లేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు. పొట్టును రెండు చేతులతో గబగబా దట్టించడం మొదలుపెట్టాను.

"నిదానంగా గానీరా" అంది. "తొందరపడి మాడ్చేవు."